పైడితల్లి మూలుగలో వెలుగు చుక్కలు

నమోదు 203

పొద్దున టిఫిన్ల వేళ ఎక్కడో సన్నగా ఈల వినిపించింది. అందరం వంటగది వైపు చూశాం. సింహాచలం ఇడ్లీ పాత్ర మూత ఎత్తి చూసి, "నాది కాదు" అన్నాడు. పైడక్క చెయ్యి కూడా కడుక్కోకుండా లేచింది. ఈల వేస్తున్నది ఆవిరి గొట్టం.

మా ఇల్లు మంచు లోపల ఉంది. నెత్తిన ముప్పై మీటర్ల మంచు, దాని పైన గురుడు. మధ్యలో గాలి లేదు. అణుపొయ్యి దగ్గర పుట్టే ఆవిరి అంతా ఒకే ఒక్క గొట్టం గుండా మంచు దాటి బయటికి పోతుంది. గొట్టం మూతి దగ్గర అది గడ్డకట్టడం రోజూ ఉండేదే. గీకి పారేయడానికి పీతలున్నాయి. ఆరు కాళ్ల యంత్రాలకు మేం పెట్టుకున్న పేరది. యూరోపా పైకి మనుషులు వెళ్లరు. గురుడు విసిరే రేణువుల వాన అక్కడ ఎప్పుడూ కురుస్తూనే ఉంటుంది. కంటికి కనబడదు, ఒంటికి తగిలినట్టు తెలియదు, తగలడం మాత్రం మానదు.

పైడితల్లి మా కప్పు మేస్త్రి. పీతలను పైకి పంపడం, కప్పులో పగుళ్లు రాకుండా చూడడం ఆమె పని. నాకంటే పెద్దది కాబట్టి నేను పైడక్క అంటాను. వండిపెట్టే సింహాచలం ఆమె భర్త. నా పేరు ఇందుమతి. ఇక్కడున్న యాభై పైచిలుకు మనుషులకు నేనొక్కదాన్నే డాక్టర్ని.

మధ్యాహ్నానికి సంగతి తెలిసింది. పైన ఉన్న పీత బుర్రలోని చిప్పును ఒక రేణువు కొట్టింది. లోపల ఒక అంకె తారుమారైనట్టుంది. అది తన కాలు తీసుకెళ్లి గొట్టం మూతిలో పెట్టి అలాగే బిగుసుకుపోయింది. కాలి చుట్టూ ఆవిరి పేరుకుంటోంది. దాన్ని లాగడానికి రెండో పీతను పంపారు. అది సగం దారిలో ఆగిపోయింది.

"బుర్ర పోయినాది దానికి. ఇంక లెగదు" అంది పైడక్క.

మా ఆవాసానికి పెద్ద ఖాదర్‌వలీ గారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది కానీ చేతిలో టీ గ్లాసు చల్లారిపోయినా తాగలేదు. "గొట్టం మూసుకుంటే పొయ్యి దానంతటదే ఆరిపోతుంది. ఆరితే మళ్లీ వెలిగించడానికి మన దగ్గర వేడి ఉండదు" అన్నారు.

తర్వాత చెప్పాల్సిన మాట పైడక్క చెప్పింది. "మడిసే ఎల్లాలి."

నమోదు 204

వంతులు వేసుకున్నారు. ఒక్కొక్కరూ గంటకు మించి పైన ఉండకూడదు. మొదటి వంతు పైడక్కది, రెండోది ఖాదర్‌వలీ గారిది, మూడోది పొయ్యి దగ్గర పనిచేసే మెకానిక్‌ది. ఎవరికీ ప్రమాదం కానంతగా రేడియేషన్‌ను ముగ్గురికి పంచాలని నేనే చెప్పాను.

ఆమె లిఫ్టులో పైకి వెళ్లాక మేమంతా స్పీకరు ముందు కూర్చున్నాం. రంపం చప్పుడు, ఆమె ఊపిరి తప్ప వేరే ఏమీ లేదు. గంట అయింది.

"పైడమ్మా, నీ వంతు అయిపోయింది. దిగిరా" అన్నారు ఖాదర్‌వలీ గారు.

"కుసింత ఆగండి సారూ. కాలు సగం కోసినాను. ఇప్పుడొగ్గేస్తే మీరొచ్చే తలికి మళ్లీ గడ్డకట్టీద్ది."

"కట్టుకోనీ. నువ్వు దిగు."

రంపం నడుస్తోంది. ఇంకొంచెం సేపటికి ఆయన గట్టిగా అరిచారు. "దిగకపోతే నేనే పైకొస్తా!"

"ఎలాగొస్తారు? లిఫ్టు నాకాడున్నాది."

నవ్వు వినిపించింది. ఆమె నవ్వే. మాలో ఎవరికీ నవ్వు రాలేదు. సింహాచలం స్పీకరుకు ఇంకా దగ్గరగా జరిగాడు.

కాలు తెగింది. ఆ తర్వాత గొట్టం మూతిలో గడ్డను పగలగొట్టాలి. అది అయ్యాక కాలు తెగిన పీతను మూతి దగ్గర నుంచి పక్కకు లాగాలి, లేకపోతే ఆవిరి దాని మీద పేరుకుని మళ్లీ మొదటికొస్తుంది. ముగ్గురి పనీ ఆమే చేసింది. ఈల ఆగి, గొట్టంలో ఆవిరి మామూలుగా బుసకొట్టేసరికి రాత్రి భోజనాల వేళ దాటిపోయింది.

కిందికి వచ్చి హెల్మెట్ తీయగానే, "ఆకలేస్తంది" అంది. నేను ఆమె గుండె మీద, రేడియేషన్ తగిలేకొద్దీ నల్లబడే బిళ్ల తీసి చూశాను. అది పూర్తిగా నల్లబడి ఉంది.

రెండు ముద్దలు తిన్నదో లేదో, వాంతి చేసుకుంది.

నమోదు 205

బిళ్లను బట్టి లెక్క వేశాను. ఇంత రేడియేషన్ తగిలినవాళ్లలో బతికేవాళ్లున్నారు, బతకనివాళ్లున్నారు. ఆ మాట సింహాచలానికి అలాగే చెప్పాను. ఇంకెలా చెప్పాలో నాకు తెలియలేదు.

పైడక్క తుంటి ఎముకలో సూది దించి కొంచెం మూలుగ తీశాను. ఒంట్లో రక్తమంతా అక్కడే పుడుతుంది. అక్కడి కణాలు ఎప్పుడూ ఒకటి రెండవుతూ ఉంటాయి కాబట్టి దెబ్బ ముందు వాటికే తగులుతుంది. తీసిన దాన్ని వెచ్చటి ద్రవంలో పెట్టి, ఒక రంగు కలిపి, మైక్రోస్కోపు కింద ఉంచాను. ప్రతి కణంలోనూ, మన ఒంటి పాఠమంతా రాసి ఉన్న డీఎన్ఏ రెండు మీటర్ల పొడవున, పోగులు పోగులుగా చుట్టుకుని ఉంటుంది. పోగు ఎక్కడ తెగితే అక్కడికి కణంలోని మరమ్మతు ప్రోటీన్లు పరుగెత్తి గుమికూడతాయి. ఈ రంగు వాటిని పట్టుకుని ఆకుపచ్చగా వెలుగుతుంది. ఒక చుక్క ఒక తెగిన చోటు.

పోల్చుకోవడానికి ముందు నా రక్తం చూశాను. ఒక్కో కణంలో ఒకటీ అరా చుక్క.

తర్వాత ఆమెది. కణం కణం నిండా చుక్కలే. చీకట్లో గుప్పెడు మెంతులు చల్లినట్టు ఉన్నాయి, ఆ మెంతులన్నీ వెలుగుతున్నాయి. కన్ను తీయకుండా చాలాసేపు చూశాను. భయపడాల్సిన దృశ్యం అది. భయంతోనే మొదలుపెట్టాను కూడా. చూడగా చూడగా వేరే ఒకటి కనిపించసాగింది.

ఒక్క కణం కూడా రెండుగా విడిపోవడం లేదు. విడిపోయే దారిలో ఉన్నవన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తెగిన పోగును అలాగే పంచుకుంటే పుట్టే రెండు కణాలకూ తప్పు పాఠం వెళుతుంది. అందుకని ఆగాయి. ఆగమని ఎవరు చెప్పారు? ఆమెకు తెలియదు, నేను చెప్పలేదు. మంచం మీద పడుకుని ఆమె సింహాచలంతో చారులో ఉప్పెక్కువైందని గొడవ పడుతోంది. లోపల కోట్లాది కణాలు పని ఆపుకుని మరమ్మతుకు కూర్చున్నాయి.

నమోదు 206

కిందటి నౌకలో వచ్చిన మందుల్లో సంధిని అనేది ఒకటుంది. తెగిన డీఎన్ఏ కొసలను నిమిషాల్లో అతికించే ఎంజైమును కణాల్లోకి చేరవేస్తుంది. జంతువుల మీద పనిచేసింది. ఇంత దెబ్బ తిన్న మనిషికి ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు. ఇస్తే పోగులు ఇంకా తెగి ఉండగానే, అంటే ఈ రెండు మూడు రోజుల్లోనే ఇవ్వాలి. భూమి మీది డాక్టర్లను అడిగాను. ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి గంటన్నర పట్టింది. "రోగి మీ కళ్ల ముందు ఉన్నారు. నిర్ణయం మీదే" అని రాశారు.

ఇన్ఫెక్షన్లు రాకుండా మందులు, మూలుగను హుషారు చేసే సూది మొదలుపెట్టాను. వాటిలో అనుమానం లేదు. సంధినిని మాత్రం ముందు ఆమె మూలుగ నమూనా మీద చూద్దామనుకున్నాను. సగంలో మందు వేశాను, సగం దాని మానాన వదిలేశాను.

మధ్యాహ్న భోజనం అయ్యేలోగా మందు వేసిన సగంలో చుక్కలన్నీ ఆరిపోయాయి. ఖాదర్‌వలీ గారు నా భుజం మీదుగా చూసి, "అల్లా! ఇంకేంది డాక్టరమ్మా, ఇచ్చేయండి" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు.

"ఈ కణాలు విడిపోయేదాకా ఆగుదాం సార్. అతుకు సరిగ్గా పడిందో లేదో అప్పుడే తెలుస్తుంది."

"ఆలస్యం అవుతాదేమో."

"అవచ్చు."

ఆయన వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ఆ వంతు నాది" అన్నారు. అని వెళ్లిపోయారు.

మందు వేయని రెండో సగాన్ని పట్టుకుని కూర్చున్నాను. చుక్కలు నెమ్మదిగా తగ్గుతున్నాయి. కొన్నిచోట్ల కణం కూడా కొసలను దగ్గరకు లాగి నేరుగా అతికిస్తోంది. సంధిని చేసే ఆ తొందర పని కణానికీ తెలుసు. కానీ డీఎన్ఏకు నకలు తయారైపోయిన కణాల్లో జరుగుతున్నది వేరు. వాటిలో ప్రతి పోగుకూ పక్కనే దాని కవల ఉంటుంది. తెగిన కొస కదులుతోంది. నిజంగానే కదులుతోంది, చుక్క జరగడం నాకు కనిపిస్తోంది. కొంచెం ఇటు, కొంచెం అటు, గుడ్డివాడు గోడ తడుముకుంటున్నట్టు. మూడు వందల కోట్ల అక్షరాల పాఠంలో తాను తెగిన ఆ ఒక్క వాక్యం చెక్కుచెదరకుండా ఎక్కడుందో వెతుకుతోంది. దొరికాక కవల పక్కన చేరి, పోయిన అక్షరాలను దాన్ని చూసి రాసుకుంటుంది. రాయడం అయ్యాక చుక్క ఆరిపోతుంది.

నేను చూస్తుండగానే ఒకటి ఆరింది. కాసేపటికి ఇంకొకటి. ఇన్నేళ్లు చదివాను, పరీక్షలు రాశాను. అది జరుగుతుండగా చూడడం ఇదే మొదలు. తెలియకుండానే చేతులు జోడించాను. ఎవరికో తెలియదు.

నమోదు 207

కణాలు విడిపోయాయి. క్రోమోజోములను పరిచి చూశాను.

సంధిని ఏ రెండు కొసలు దొరికితే ఆ రెంటినీ కలిపేసింది. ఒక క్రోమోజోము తోక ఇంకొకదాని తలకు అతుక్కుంది. కొన్ని తమ కొసలు తామే కరుచుకుని ఉంగరాలయ్యాయి. కణం పట్టుకుని లాగే నడుము ఒకటే ఉండాలి, కొన్నిటికి రెండున్నాయి. అలాంటిదాన్ని మళ్లీ విడిపోయేటప్పుడు రెండు వైపులా లాగితే ఫెళ్లున తెగుతుంది. చుక్కలు ఆరిపోయిన మాట నిజమే. తెగిన చోటు లేదు, కానీ పాఠమంతా కలగాపులగం.

దాని మానాన వదిలేసిన సగంలో చాలా కణాలు ఇంకా ఆగే ఉన్నాయి. విడిపోయినవాటిలో తప్పులు లేవని అనను, ఉన్నాయి. కానీ చాలావరకు ఏ పోగు ఆ పోగే.

పైడక్కకు, సింహాచలానికి, ఖాదర్‌వలీ గారికి మంచం దగ్గరే ఇదంతా చెప్పాను. సింహాచలం సగంలోనే అందుకున్నాడు.

"డాక్టరమ్మా, మందుండి కూడా ఏయకపోతే ఎలాగ? మీకు దండమెడతాను. తప్పో ఒప్పో అతుక్కుంటాది గదా. పేనం ముందు."

"ఇప్పుడు అతుక్కుంటుంది. తర్వాత మూలుగ మొత్తం పాడవుతుందని నా భయం."

"భయమే గదా! మీకూ తెల్దు గదా!"

నిజమే, తెలియదు. అదే చెప్పాను. పైడక్క ఇంతసేపూ నా ముఖమే చూస్తోంది.

"ఓలమ్మా, నీకు తెల్దు, నాకు తెల్దు, ఈయనకసలు తెల్దు" అంది. "నువ్వు నా లోపలికి సూసినావు. అయేటి సేత్తన్నాయో అది సెప్పు."

"పని చేస్తున్నాయి అక్కా. నెమ్మదిగా, ఒక్కొక్కటి సరిచూసుకుంటూ."

"అయితే సేసుకోనీ. మజ్జిలో ఎల్లి సెయ్యెట్టకు."

నమోదు 211

నాలుగు రోజుల నుంచి ఆమె బాగుంది. వాంతులు లేవు. వంటగదిలో కూర్చుని బీరకాయలు చెక్కు తీస్తోంది, తనను ఇంకా కప్పు పనికి పంపడం లేదని ఖాదర్‌వలీ గారిని సాధిస్తోంది. సింహాచలం నాకు అడగకుండానే రెండో విడత కాఫీ ఇచ్చాడు.

ఇది ఇలాగే ఉండదని నాకు తెలుసు. పాత రక్తం ఇంకా ఒంట్లో తిరుగుతోంది. అది అయిపోయే లోపు కొత్తది పుట్టాలి. వాళ్లకూ చెప్పాను. విన్నారు. కళ్ల ముందు నవ్వుతున్న మనిషిని చూస్తూ ఆ మాట నమ్మడం కష్టం.

నమోదు 219

జుట్టు దువ్వెనతోపాటు వచ్చేస్తోంది. తెల్లకణాలు లేవనే చెప్పాలి. నోరంతా పుళ్లు, జ్వరం. ఆమెను వడకట్టిన గాలి ఉన్న గదిలోకి మార్చాను. చిగుళ్ల నుంచి నెత్తురు ఆగడం లేదు.

నెత్తురు గడ్డకట్టించే కణాలు కావాలి. సరిపోయే రక్తం ఖాదర్‌వలీ గారిది. యంత్రం పక్కన పడుకుని చెయ్యి చాపారు. "ఇంకా కావాలంటే తీసుకోండి. అడగొద్దు" అన్నారు.

సింహాచలం నాతో మాట్లాడడం లేదు. కంచం తెచ్చి నా ముందు పెట్టి వెళ్లిపోతాడు. అన్నం వేడిగానే ఉంటుంది, కూర మాడి ఉండదు. ఆ మందు వేసి ఉంటే అని అతను అనుకుంటున్నాడు. నేనూ అనుకుంటున్నాను. ఇప్పుడు వేసినా లాభం లేదు. పోగుల పని ఎప్పుడో అయిపోయింది. బాగు కాగలిగినవి ఎన్ని మిగిలాయన్నదే ఇప్పుడు సంగతి.

గాజు తలుపు అవతలి నుంచి చూస్తే ఆమె చిన్నపిల్లలా ఉంది.

నమోదు 222

జ్వరం అలాగే ఉంది. ఈరోజు నన్ను గుర్తుపట్టడానికి ఆమెకు సమయం పట్టింది.

సింహాచలం గాజు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను పక్కకు వెళ్లి నిలబడ్డాను. అతను నా వైపు చూడకుండానే, "అయి ఇంకా పని సేత్తన్నాయా?" అని అడిగాడు.

"మళ్లీ మూలుగ తీసి చూస్తేనే తెలుస్తుంది. ఈ నీరసంలో ఇంకోసారి ఎముకలో సూది వేయాలంటే..."

"ఏయండి. దానికి నొప్పెడితే నన్ను తిడతాది. తిట్టనీండి. సూడండి."

నమోదు 223

చూశాను.

మొన్నటి మూలుగతో పోలిస్తే సగానికి సగం ఖాళీ. ఎన్నో కణాలు లేవు. కానీ ఆ ఖాళీల మధ్య అక్కడక్కడా చిన్న చిన్న గుంపులు. ఒక కణం రెండై, రెండు నాలుగై, గుంపు కట్టి, తెల్లకణాలుగా మారుతూ ఉన్నాయి. రంగు వేశాను. ఒకటీ అరా చుక్క, అంతే. నా రక్తంలో ఉన్నట్టే. క్రోమోజోములు పరిచాను. ఒకటి తర్వాత ఒకటి చూసుకుంటూ పోయాను. ఏ పోగు ఆ పోగే. మళ్లీ మొదటి నుంచి చూశాను, ఆశపడి తప్పు చూస్తున్నానేమోనని. ఏ పోగు ఆ పోగే.

ఆమె ఒంట్లో నెత్తురంతా మళ్లీ తయారు చేయడానికి ఆగి, సరిచూసుకుని, లేచి నిలబడినవి ఈ కొన్నే. ఈ కొన్ని చాలు.

వంటగదిలోకి పరుగెత్తాను. సింహాచలం నా ముఖం చూసి గరిటె కింద పెట్టేశాడు. నేను నోరు తెరిచేలోపే గట్టిగా ఏడ్చాడు. పప్పు మాడింది.

నమోదు 231

జ్వరం పోయింది. తెల్లకణాల లెక్కలు రోజురోజుకూ పెరుగుతున్నాయి. పైడక్క ఈరోజు తన కాళ్ల మీద తాను నడిచి నా గదికి వచ్చింది. గుండు మీద సింహాచలం తువ్వాలు చుట్టుకుంది. వెనకాలే అతనూ వచ్చాడు.

"నా లోపలివి నాకు సూపించవా?" అంది.

మొదటి రోజుల్లో తీసిన చిత్రాలు తెర మీద వేశాను. చుక్కలతో నిండిన కణాలు. ఒక్కొక్కటే ఆరిపోవడం. కొస వెతుక్కుంటూ కదలడం. కవల పక్కన చేరడం. సింహాచలం నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మధ్యలో ఒకసారి ఆమె తన ముంజేతిని తిప్పి చూసుకుంది, అది ఎవరిదో అన్నట్టు.

"ఇదంతా ఇక్కడేనా?"

"అక్కడే. నాలోనూ, ఈయనలోనూ కూడా రోజూ జరుగుతుంది అక్కా. ఏ దెబ్బా తగలకపోయినా పోగులు ఎక్కడో ఒకచోట చెడుతూనే ఉంటాయి, ఇవి బాగు చేస్తూనే ఉంటాయి. పుట్టినప్పటి నుంచి."

దాచకూడదని ఇంకొకటి కూడా చెప్పాను. ఎక్కడైనా ఒక తప్పు అతుకు మిగిలిపోయి ఉండవచ్చు. ఎన్నో ఏళ్ల తర్వాత జబ్బుగా బయటపడవచ్చు. ఏటేటా నా దగ్గరికి రావాలి. ఆమె తల ఊపింది. దాన్ని పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. ఆమె చూపు తెర మీద ఒక మూలన ఆగింది. అక్కడ ఒక కణం ముడుచుకుపోతోంది.

"అదేటి?"

"అది బాగు చేసుకోలేకపోయింది."

"మరేటి సేత్తంది?"

"చచ్చిపోతోంది. తనంతట తానే. బాగుచేయలేనంత దెబ్బ తగిలితే కణం తన పోగులన్నీ తానే ముక్కలు చేసుకుని, చిన్న చిన్న మూటలుగా కట్టుకుని పోతుంది. తప్పు పాఠం ఇంకో కణానికి ఇవ్వకుండా."

"అలగ ఎన్ని పోనాయి?"

"కోట్లు. లెక్కపెట్టలేం."

తెర మీద ఆ కణం ఇంకా చిన్నదై, మూటలుగా విడిపోయి, లేకుండా పోయింది. పక్కనున్నవి కొంచెం జరిగి ఆ చోటు నింపాయి.

"నాకోసరం ఇంతమంది పోనారు" అంది పైడక్క. "ఒక్కలి పేరూ నాకు తెల్దు."

సింహాచలం ఆమె తల మీద జారుతున్న తువ్వాలు సరిచేశాడు.

మధ్యాహ్నం ఆమె చాలా రోజుల తర్వాత అందరితో కలిసి భోజనానికి కూర్చుంది. సింహాచలం వేడన్నం వడ్డించి, పప్పు వేసి, ఎదురుగా కూర్చున్నాడు. అందరూ ఆమె మొదటి ముద్ద కోసం చూస్తున్నారు. పైడక్క ముద్ద కలిపి, చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆగి, పోయినవాళ్ల కోసం తీసిపెట్టినట్టు దాన్ని కంచం పక్కన పెట్టింది. తర్వాత రెండో ముద్ద కలుపుకుని తిన్నది.